పట్టా చేతికి వచ్చిన మరునాడు

మే నెల వచ్చిందంటే అమెరికా విశ్వవిద్యాలయాల పట్టభద్రోత్సవాల ఫోటోలు మన ఇళ్ళకు చేరుతాయి. నల్లని గౌను, చదరపు టోపీ ధరించిన బిడ్డను సెల్‌ఫోనులో చూసుకుని కర్నూలులోనో, నిజామాబాదులోనో, హైదరాబాదు పాతబస్తీలోనో ఒక తల్లి రెండు రకాతుల షుక్రానా నమాజు చేస్తుంది. ఇరుగుపొరుగుకు మిఠాయి పంచుతారు. ఆ సంతోషాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. అయితే ఆ బిడ్డ ఆనాటి నుంచే రోజులు లెక్కపెట్టుకుంటూ బతకవలసి వస్తుందన్న సంగతి మన కుటుంబాలలో చాలామందికి తెలియదు. చదువు ముగిసింది గనుక విద్యార్థి వీసా అక్కరకు రాదు. ఉద్యోగ వీసాలోకి మారాలి. ఆ మారే కాలం గురించి మన సముదాయంలో జరగవలసినంత చర్చ జరగడం లేదు.

మన పెద్దలు ఎరిగిన వలస గల్ఫు వలస. కఫీలు పంపిన వీసా మీద వెళ్ళడం, కఫీలు కింద పని చేయడం, ఒప్పందం తీరాక తిరిగి రావడం. అందులో కష్టాలు ఎన్ని ఉన్నా విద్యార్థిగా వెళ్ళి ఉద్యోగిగా మారడం అన్న ఘట్టం లేదు. 2007లో విద్య, ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషన్ రావడం, ఆ వెనుకనే ఫీజు రీయింబర్స్‌మెంట్ అమలు కావడం వల్ల మెకానిక్కుల, దర్జీల, చిరువ్యాపారుల పిల్లలు ఇంజినీరింగ్ కళాశాలల గడప తొక్కారు. తెలంగాణలో 2015లో మైనారిటీ విద్యార్థులకు ముఖ్యమంత్రి పేరిట విదేశీ విద్యా ఉపకార వేతనం మొదలైంది. మొదట 10 లక్షలుగా ఉన్న సాయం తర్వాత 20 లక్షలయింది. ఇంట్లో మొదటి పట్టభద్రులైన పిల్లలు ఎం.ఎస్. కోసం విమానం ఎక్కగలిగారంటే ఇవన్నీ కలిసి చేసిన మేలు. దీనిని కాదనేవారు మాకు ఎక్కడా కనబడలేదు.

కాని 20 లక్షలతో అమెరికా చదువు పూర్తి కాదు. తక్కిన సొమ్ము కోసం ఇంటి స్థలం అమ్మడమో, నగలు కుదువ పెట్టడమో, బంధువుల వద్ద ఖర్జె హసనా తీసుకోవడమో జరుగుతుంది. వడ్డీ హరామని నమ్మే కుటుంబం బ్యాంకు రుణానికి వెళ్ళేటప్పుడు పడే మనోవేదన ఈ పత్రిక పాఠకులకు మేము వివరించనక్కరలేదు. చదువుకునే కాలానికి ఆ వడ్డీ భారాన్ని కేంద్రమే భరించే ‘పఢో పర్‌దేశ్’ పథకం ఒకటి ఉండేది. 2022-23 నుంచి దానిని ఎత్తివేశారు. ఇలాంటి స్థితిలో చదువు తర్వాత రెండు మూడేళ్ళ ఉద్యోగం అనేది విలాసం కాదు. అప్పు తీరే దారి అదొక్కటే. ఆ దారి మూసుకుపోతే మునిగేది ఒక విద్యార్థి కాదు, ఆ బిడ్డను నమ్మి అప్పిచ్చిన మేనమామ నుంచి చెల్లెలి నికా దాకా అన్నీ మునుగుతాయి.

ఆ దారి ఎలా ఉంటుందో కొంత వివరంగా చెప్పుకుందాం. ఎఫ్-1 వీసా మీద చదివినవారికి పట్టా తర్వాత 12 నెలలు తమ చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి ఉంది. దానినే ఓపీటీ అంటారు. చదువు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి ముగిసిన 60 రోజుల లోపు దరఖాస్తు చేయాలి. అనుమతి కార్డు చేతికి రాకుండా, అందులో రాసిన తేదీ రాకుండా ఒక్క రోజు పని చేసినా అది ఉల్లంఘన. ఓపీటీ మొదలైన తర్వాత ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి గడపరాదు. విజ్ఞానశాస్త్రం, సాంకేతికం, ఇంజినీరింగ్, గణితం చదివినవారికి మరో 24 నెలల పొడిగింపు ఉంది. అయితే ఆ యజమాని ‘ఈ-వెరిఫై’ అనే ప్రభుత్వ వ్యవస్థలో నమోదై ఉండాలి, శిక్షణ ప్రణాళిక మీద సంతకం చేయాలి.

ఈ లోగా హెచ్-1బి రావాలి. ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000. యజమాని మార్చిలో పేరు నమోదు చేస్తాడు, లాటరీ తీస్తారు, ఎంపికైతే అక్టోబరు 1 నుంచి కొత్త హోదా. ఇప్పుడు ఆ లాటరీ కూడా పాతది కాదు. 2026 విడత నుంచి వేతన స్థాయిని బట్టి అవకాశాలు పెంచే పద్ధతి తెచ్చారు. నాలుగో స్థాయి జీతగాడి పేరు నాలుగు సార్లు, ఒకటో స్థాయి వాడి పేరు ఒక్కసారి లెక్కలోకి వస్తుంది. అప్పుడే చదువు ముగించినవాడు ఉండేది ఎక్కువగా ఒకటో స్థాయిలోనే. అనుభవం లేకపోవడం నేరమయింది. దీనికి తోడు 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బి దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఆ దేశంలోనే ఉండి విద్యార్థి హోదా నుంచి ఉద్యోగ హోదాకు మారేవారికి ఇది వర్తించదని అక్టోబరులో అక్కడి వలస శాఖ స్పష్టం చేసింది. కాని దరఖాస్తు తేలకముందే దేశం దాటితే హోదా మార్పు కోరికను వదులుకున్నట్టే లెక్క, రుసుము మీద పడుతుంది.

ఈ చివరి మాట తల్లిదండ్రులు మరోసారి చదవాలి. మన ఇళ్ళలో ‘ఒక్క వారం వచ్చి పోరా బేటా, నికా చదివించి పంపిస్తాం’ అనడం పరిపాటి. తండ్రి జనాజాకు రాలేని కొడుకును బంధువులు నిందించడమూ పరిపాటే. దరఖాస్తు నడుస్తున్న నెలలలో ఆ ఒక్క వారం ప్రయాణానికి ఎంత మూల్యమో ఇంట్లో ఎవరికీ తెలియకపోతే బిడ్డ రెండు వైపులా దోషి అవుతాడు. నికా తేదీ పెట్టే ముందు అక్కడి న్యాయవాదిని అడిగి పెట్టుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

హోదా మార్పుకు అన్నిటికంటే ముఖ్యమైన షరతు, విద్యార్థిగా ఉన్నంత కాలం నియమం తప్పకుండా ఉండడం. చదువు సాగే రోజులలో వారానికి 20 గంటలకు మించి, అదీ ప్రాంగణంలోనే తప్ప, పని చేయరాదు. మా వాదన ఇక్కడే ఉంది. ఉపకార వేతనం రెండు విడతలు. బిడ్డ అక్కడ దిగిన ఆధారం చూపితే మొదటిది, మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపితే రెండోది. రెండో విడత నెలల తరబడి రాలేదన్న ఫిర్యాదులు మనకు కొత్త కాదు. ఫీజు గడువు మాత్రం ఆగదు. అప్పుడు ఆ బిడ్డ పెట్రోలు బంకులోనో, బిర్యానీ హోటలు వంటగదిలోనో నగదు కూలీకి చేరుతాడు. ఏడాదిన్నర తర్వాత హెచ్-1బి దరఖాస్తు పరిశీలనలో ఆ పని బయటపడితే హోదా మార్పు తిరస్కరణకు గురవుతుంది. ఆ తిరస్కరణ ఉత్తర్వులో ఇక్కడి కార్యాలయం ప్రస్తావన ఉండదు. ఫైలు ఒక బల్ల మీద నుంచి మరో బల్ల మీదకు పోవడానికి పట్టిన కాలమే ఆ బిడ్డ భవిష్యత్తును తేల్చిందని ఏ లెక్కలోనూ నమోదు కాదు. ప్రభుత్వం దీనిని ఆలస్యం అంటుంది. మేము దీనిని హక్కు భంగం అంటాము.

ఆంధ్రప్రదేశ్‌లో సమస్య మరో రూపంలో ఉంది. 2022లో తెచ్చిన విదేశీ విద్యా పథకాన్ని క్యూఎస్ ర్యాంకింగులో మొదటి 200 విశ్వవిద్యాలయాలకే పరిమితం చేశారు. అంతటి విద్యాసంస్థలో ప్రవేశం పొందగల మొదటితరం ముస్లిం విద్యార్థులు ఎందరు?

ఇక మన పేర్ల సంగతి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, మనవారికి ప్రత్యేకంగా వచ్చిపడే చిక్కు. మన పిల్లలలో చాలామంది పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, పేరంతా ఒకే గడిలో ఉంటుంది. అలాంటి పాస్‌పోర్టు మీద అమెరికా వీసా ఇచ్చేటప్పుడు పేరు మొత్తాన్ని ఇంటిపేరుగా రాసి, అసలు పేరు గడిలో ‘ఎఫ్‌ఎన్‌యూ’, అంటే మొదటి పేరు తెలియదు, అని రాస్తారు. తండ్రి ఎంతో ప్రేమగా పెట్టిన పేరు ‘తెలియదు’ అయి కూర్చుంటుంది. దీనికి తోడు పదో తరగతి మెమోలో ఎండీ, డిగ్రీలో మొహ్మద్, పాస్‌పోర్టులో మహమ్మద్. ఉద్యోగంలో చేరిన రోజున యజమాని ఈ-వెరిఫైలో వివరాలు నింపితే సరిపోలలేదని రావచ్చు. అప్పుడు 8 పనిదినాల లోపు సంబంధిత కార్యాలయానికి వెళ్ళి సరిచేసుకునే ప్రయత్నం మొదలుపెట్టాలి. కొత్త ఉద్యోగి, కొత్త యజమాని, మొదటి వారంలోనే అనుమానం. వీసాకు దరఖాస్తు చేయకముందే పాస్‌పోర్టు పునర్జారీ చేయించుకుని, పేరును రెండు గడులలో విడగొట్టి, తక్కిన పత్రాలతో సరిపోల్చుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

90 రోజుల భయం మీద బతికే వ్యాపారం ఒకటుంది. ఉద్యోగం లేని విద్యార్థిని కాగితం మీద ఉద్యోగిగా చూపే కన్సల్టెన్సీలు, లేని అనుభవాన్ని రెజ్యూమేలో రాసిపెట్టే శిక్షణ కేంద్రాలు, ఒకరి బదులు మరొకరు ఇంటర్వ్యూ ఇచ్చే ఏర్పాట్లు. ఇవి నడిపేవారిలో మన తెలుగువారే ఎక్కువగా కనిపించడం సిగ్గుచేటు. వడ్డీ విషయంలో అంత జాగ్రత్తపడే మన ఇళ్ళు ఈ అబద్ధపు కాగితం విషయంలో ‘అందరూ చేసేదే’ అని సరిపెట్టుకోవడం మాకు మింగుడుపడదు. ధర్మం మాట పక్కన పెట్టినా, దొరికినప్పుడు శిక్ష పడేది విద్యార్థికే. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం బండారం బయటపడినప్పుడు మన తెలుగు పిల్లల కాళ్ళకు నిఘా పట్టీలు కట్టారు. 2019లో మిషిగాన్‌లో ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయం పేరుతో అక్కడి ప్రభుత్వమే వల పన్నింది. అరెస్టయిన 130 మంది విద్యార్థులలో 129 మంది భారతీయులు. విద్యార్థి హోదా నిలుపుకోవడానికి సులువైన దారి ఉందని నమ్మడమే వారిలో చాలామందిని ముంచింది.

హోదా నిలబడడం ఇప్పుడు చదువు, ఉద్యోగాలతోనే ముడిపడి లేదు. టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న తుర్కియే విద్యార్థిని రుమైసా ఓజ్‌తుర్క్ గాజా విషయమై విద్యార్థి పత్రికలో సహరచయిత్రిగా ఒక వ్యాసం రాసింది. 2025 మార్చిలో ఆమె వీసా రద్దయింది, ఉపవాస మాసంలో నడివీధిలో పట్టుకుపోయారు. న్యాయస్థానం ఆదేశంతో మే నెలలో విడుదలయింది. అదే ఏడాది జూన్ నుంచి విద్యార్థి వీసా కోరేవారు, డిసెంబరు నుంచి హెచ్-1బి వారు కూడా తమ సామాజిక మాధ్యమ ఖాతాలను బహిరంగంగా ఉంచాలన్నారు. పాలస్తీనా కోసం మాట్లాడవద్దని మేము మన పిల్లలకు చెప్పలేము, చెప్పము. కాని ఏ మాటకు ఏ మూల్యం అడుగుతున్నారో తెలిసి మాట్లాడే హక్కు వారికి ఉంది.

బ్రిటన్ సులువని అటు తిరుగుతున్నవారు కూడా లెక్క చూసుకోవాలి. చదువు తర్వాత రెండేళ్ళు ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలే, పీహెచ్‌డీ వారికి తప్ప. ఉద్యోగ వీసాకు సాధారణ వేతన పరిమితి 2025 జులైలో 41,700 పౌండ్లకు పెరిగింది. కొత్తగా పట్టా పొందినవారికి 33,400 పౌండ్ల రాయితీ పరిమితి ఉంది గాని, అది కూడా చిన్న జీతం కాదు.

మన ప్రభుత్వాల పథకం విమానాశ్రయం దాకా వెళ్ళి సాగనంపి వచ్చేస్తోంది. ఎంపికైన ప్రతి విద్యార్థికీ బయలుదేరేముందు ఒక పూట వీసా నియమాల మీద, పేరు సరిచూసుకోవడం మీద శిక్షణ ఇవ్వడానికి పెద్ద నిధులు అక్కరలేదు. పదేళ్ళుగా ఈ సాయంతో వెళ్ళినవారిలో ఎందరు హోదా మార్చుకున్నారో, ఎందరు అప్పుతో తిరిగివచ్చారో శాఖ లెక్క తీసి ప్రకటించాలి. అక్కడ స్థిరపడిన మనవారు మసీదులకు చందాలు ఇస్తున్నారు, సంతోషం. ఉద్యోగం వెదుక్కుంటున్న బిడ్డకు తమ కంపెనీలో ఒక సిఫారసు, ఒక గంట న్యాయవాది ఖర్చు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఇక్కడి మసీదు కమిటీలు ఖర్జె హసనా నిధిలో కొంత భాగాన్ని రెండో విడత రాక ఇరుక్కున్న విద్యార్థుల ఫీజుకు కేటాయించి, ప్రభుత్వ సొమ్ము వచ్చాక తిరిగి జమ చేసుకోవచ్చు. కొన్ని ఊళ్ళలోనైనా ఈ ఏడాదే మొదలుకావాలి.

మైనారిటీ సంక్షేమ శాఖ మాత్రం వచ్చే విడత ఎంపికల జాబితా వెలువడే లోగా ఒక ఉత్తర్వు ఇవ్వాలని మేము కోరుతున్నాము. మొదటి సెమిస్టర్ ఫలితాలు అందిన నాటి నుంచి 30 రోజులలో రెండో విడత విద్యార్థి ఖాతాలో పడాలి, పడకపోతే కారణాన్ని లిఖితపూర్వకంగా తల్లిదండ్రులకు తెలపాలి.