ఎదురుగాలి చల్లార్చదు: వేసవిలో బండిమీద సముద్రతీరానికి వెళ్లదలచిన వారికి



గత వారం మా గూడూరుకు చెందిన ముగ్గురు యువకులు సాయంత్రం వేళ మా ఇంటికి వచ్చారు. వారిలో ఇద్దరికి పసితనంలో టీకాలు వేసినది నేనే. "సార్, మే నెలాఖర్ల బండ్లమీద విశాఖ పోయి, ఆ భీమిలి రోడ్డంత తిరిగి మూడు దినాలల్ల వస్తం. సంచిల ఏమేం గోలీలు పెట్టుకోవాల్నో రాసియ్యుండ్రి" అన్నారు. నేను మందుల పేర్లు రాయలేదు. "బిడ్డా, ముందు ఏ గంటకు ఏడ ఉంటరో చెప్పుండ్రి" అని అడిగాను. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. వారివద్ద కిలోమీటర్ల లెక్క ఉన్నది, పెట్రోలు లెక్క ఉన్నది. గంటల లెక్క మాత్రం లేదు.

నేను యాత్రలకు విరోధిని కాను. విశాఖపట్నం నుండి భీమునిపట్నం వరకు సాగే ఆ తీరమార్గం చూడదగినదే. ఒక ప్రక్క కొండలు, మరొక ప్రక్క బంగాళాఖాతం; నడుమ ఋషికొండ, తొట్లకొండ బౌద్ధారామ శిథిలాలు, ఎర్రమట్టి దిబ్బలు; చివర గోస్తనీ నది కడలిలో కలిసే చోట, 1861లోనే పురపాలక సంఘమైన భీమిలి. వేసవిలో సన్నగిల్లే మన భీమునిపాదం జలపాతాన్ని చూస్తూ పెరిగిన కుర్రవాడికి ఆ సముద్రాన్ని చూడాలన్న కోరిక కలగడం సహజం. వద్దనే హక్కు నాకు లేదు. అయితే మూడు రోజుల ప్రణాళికను మాత్రం వైద్యునిగా నేను అంగీకరించలేను.

కారణం చెబుతాను. "బండిమీద పోతుంటే గాలి తగులుతది గద సార్, ఎండ తెలియదు" అని వారిలో ఒకడు అన్నాడు. ప్రమాదమంతా ఆ 'తెలియదు' అన్న మాటలోనే ఉన్నది. మన చర్మపు ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకన్నా చల్లగా ఉన్నంతవరకే శరీరంలోని వేడిని తీసుకొనిపోతుంది. 43 డిగ్రీల వడగాలి వేడిని తీసుకొనిపోదు, తెచ్చి ఇస్తుంది. అప్పుడు మనలను కాపాడేది చెమట ఒక్కటే. ఆ చెమట కూడా ఎదురుగాలికి వెంటనే ఆరిపోవడంతో చొక్కా తడవదు. ఎంత నీరు కోల్పోయామో మనకు తెలియదు. ఆరుబయట శ్రమపడేవాడు గంటకు లీటరు చెమటను కూడా కోల్పోగలడు.

తీరం చేరితే చల్లదనం దొరుకుతుందనుకోవడం మరొక భ్రమ. అక్కడి గాలిలో తేమ ఎక్కువ. చెమట పట్టినా ఆరదు, ఆరని చెమట చల్లార్చదు. భారత వాతావరణ శాఖ మైదాన ప్రాంతాలలో కనీసం 40 డిగ్రీలు ఉంటేనే వడగాడ్పుల సంగతి ఆలోచిస్తుంది. తీరప్రాంతాలకు ఆ హద్దు 37 డిగ్రీలే. 2015 మే నెలలో వడగాడ్పులకు మన రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి సుమారు రెండు వేల ప్రాణాలు పోయాయి.

నా ఉద్యోగకాలంలో ఒక రోహిణి కార్తెనాటి సంఘటన నేటికీ నన్ను వదలలేదు. మధ్యాహ్నం మూడు గంటలకు ఇద్దరు మిత్రులు, నడుమ మూడవవాడిని కూర్చోబెట్టుకొని, బండిమీద ఆసుపత్రికి తెచ్చారు. ఇరవై రెండేళ్లవాడు. ఉదయం నుండి ఎండలో ప్రయాణం. దారిలో మాట తడబడితే నిద్రమత్తు అనుకొన్నారు, తూలితే ఆటపట్టించారు, చివరకు జ్వరం గోలీ మింగించారు. నేను చూసేసరికి జ్వరమానిలో 107 డిగ్రీలు. తడిగుడ్డలు, మంచు, సెలైను, మాకు చేతనైనదంతా చేశాము. ఆ రాత్రి దాటలేదు. అతని మిత్రులు చెడ్డవారు కారు. ఆ తడబాటును వడదెబ్బగా గుర్తించాలని వారికి ఎవరూ చెప్పలేదు. ఆ ఎవరూ చెప్పనివారిలో నేనూ ఉన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఇక లెక్కకు వద్దాం. గూడూరు నుండి ఖమ్మం, సత్తుపల్లి, రాజమహేంద్రవరం మీదుగా విశాఖకు దాదాపు 500 కిలోమీటర్లు. మే నెలలో బండి నడపదగిన వేళ తెల్లవారుజామున నాలుగున్నర నుండి పది వరకు, మరల సాయంత్రం నాలుగున్నర నుండి చీకటిపడే వరకు. అంటే మొదటి ఉదయం సత్తుపల్లి వరకే. పగలంతా నీడన విశ్రాంతి. సాయంత్రం రాజమహేంద్రవరం చేరి నిద్ర. రెండవ ఉదయం విశాఖ. మూడవ రోజు భీమిలి దారి, అదీ సూర్యోదయ సమయంలో. నాలుగు, ఐదు రోజులు తిరుగు ప్రయాణం. ఇది ఐదు రోజుల యాత్ర. దానిని మూడు రోజులకు కుదిస్తే ఆ తగ్గిన రెండు రోజులూ మిట్టమధ్యాహ్నపు ఎండలోనుండీ నిద్రలోనుండీ వస్తాయి. ముఖ్యంగా తిరుగు ప్రయాణం గురించి హెచ్చరిస్తున్నాను. సోమవారం డ్యూటీ ఉన్నదని, అలసిన దేహంతో, ఆదివారం మధ్యాహ్నం బండి తోలేవారే ఎక్కువగా దెబ్బతింటారు.

ఐదు రోజుల సెలవు లేదా? వరంగల్‌లో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విశాఖ. అక్కడ అద్దెకు బండి తీసుకొని తీరమంతా చూడవచ్చు. ఇందులో చిన్నతనమేమీ లేదు.

సంచిలో ఏమి ఉండాలి? ఓఆర్‌ఎస్ పొట్లాలు. పొట్లం మీద రాసినంత నీటిలో, సాధారణంగా లీటరులో, మొత్తం పొట్లం కలపాలి. ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మిన తీపి పానీయాలకు మోసపోకండి. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన పిమ్మట, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అటువంటి పానీయాలపై ఆ పేరు వాడరాదని ఆదేశించింది. గంటకొకసారి బండి ఆపి, అర లీటరు నుండి ముప్పావు లీటరు వరకు నీరో ఉప్పు వేసిన మజ్జిగో త్రాగండి. మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే అది మీ దేహం వ్రాసిన ఉత్తరం, చదవండి. జలుబుకు వేసుకొనే కొన్ని గోలీలు నిద్ర తెప్పిస్తాయి; బండి నడిపే రోజున వద్దు. బీపీ, చక్కెర వ్యాధులకు మందులు వాడేవారు బయలుదేరే ముందే తమ వైద్యుని కలవాలి. ఇన్సులిన్‌ను సీటు కింది డబ్బాలో పెట్టరాదు. వెనుక కూర్చున్నవారికి కూడా శిరస్త్రాణం ఉండాలి. అది మరణావకాశాన్ని 42 శాతం, తల గాయాలను 69 శాతం తగ్గిస్తుందని అనేక అధ్యయనాలను క్రోడీకరించి తేల్చారు. ఉక్కగా ఉన్నదని తీసి చేతికి తగిలించుకొంటే అది కాపాడేది మోచేతినే.

తోటివాని మాట తడబడినా, నడక తూలినా, పొంతన లేకుండా బదులిచ్చినా వడదెబ్బగానే భావించండి. 108కు ఫోను చేయండి. వాహనం వచ్చేలోగా నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి. మెడ, చంకలు, గజ్జలలో మంచు ఉంచండి. స్పృహ సరిగా లేనివాని నోట నీరు పోయకండి. జ్వరం గోలీ ఈ వేడిని తగ్గించదు. ముందు చల్లార్చడం, పిదప తరలించడం: ఈ క్రమం మరువకండి.

చివరిగా సముద్రం. మన పిల్లలకు చెరువులో, వ్యవసాయ బావిలో ఈత వచ్చు. ఆ ధైర్యంతోనే అలలలోకి దిగుతారు. బావినీరు ఎక్కడికీ లాగదు; సముద్రపు నీరు లోపలికి లాగుతుంది. రక్షకులు లేని చోట, రాత్రివేళ, మద్యం సేవించి దిగకండి. లాగుడులో చిక్కితే ఒడ్డువైపు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా ప్రక్కకు ఈది బయటపడాలి.

ఆ సాయంత్రం నేను ఆ యువకులకు ఇచ్చిన కాగితం మీద మందులకన్నా గంటలే ఎక్కువ ఉన్నాయి. "ఐదు దినాల లీవు దొరుకుతదో లేదో సార్" అంటూ వెళ్లారు. దొరకకపోతే రైలెక్కుతారో, డిసెంబరుకు వాయిదా వేస్తారో వారి ఇష్టం. భీమిలి అక్కడే ఉంటుంది. చూసి వచ్చిన తరువాత మా ఇంటికి వచ్చి, ఆ సముద్రం ఎట్లా ఉన్నదో చెప్పమన్నాను. ముగ్గురూ కలిసి వచ్చి చెప్పాలన్నాను.