కటారుపల్లె వేమన

తలుపుల పక్కనే గాండ్లపెంట మండలం. అందులో కటారుపల్లె అని ఒక చిన్న ఊరుంది. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడేదాకా అనంతపురం జిల్లాలో ఉండేది. వేమన సమాధి ఉన్నది అక్కడే.

వేమన ఎక్కడ పుట్టాడన్నది పండితుల తగవు. కొండవీడని కొందరు, కడప సీమని కొందరు. ఎక్కడ సమాధి అయ్యాడంటే మాత్రం జనం చెప్పేది కటారుపల్లె పేరే. వేమన వంశంవాళ్లమని చెప్పుకునే కుటుంబాలే తరతరాలుగా అక్కడ పూజ చేస్తున్నాయి.

పూజ అనగానే మీకు నవ్వొచ్చి ఉంటుంది. రాళ్లకు మొక్కేవాళ్లను అంతలా ఎగతాళి చేసిన మనిషికే గుడీ, హారతీనా? నాకేమో అందులో తప్పు కనిపించదు. ఆటవెలదిలో, వాడుక మాటల్లో పద్యం చెప్పినవాణ్ణి పెద్ద కవుల సరసన కూర్చోబెట్టడానికి పండితులకు చాలాకాలం మనసొప్పలేదు. ఆయన్ను నోట పెట్టుకుని మోసింది బడి మొహం చూడని రైతులు, కూలీలు. వాళ్లకు తెలిసిన గౌరవం దీపం పెట్టడమే.

కాగితం మీదికి ఎక్కించింది మాత్రం పరాయివాడు. అబే దుబాయ్ అనే ఫ్రెంచి పాదిరీ రాసిన పుస్తకంలో వేమన పేరు చూసి, సి.పి. బ్రౌన్ తాటాకు ప్రతులు వెతికించాడు. 1829లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. 1839లో మరిన్ని పద్యాలు చేర్చి మళ్లీ వేశాడు. ఆ తర్వాత దాదాపు తొంభై ఏళ్లకు మన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు అనంతపురంలో వేమన మీద వరస ఉపన్యాసాలిచ్చారు. అది 1928. ఆ ఉపన్యాసాలే 'వేమన' అనే పుస్తకమయ్యాయి. దొరికితే చదవండి. వేమనను పొగడటమే కాదు, నిలదీశారు కూడా. (మన ఇళ్లలో పెద్దవాళ్లకు వేమన అంటే 1947 నాటి సినిమాలో నాగయ్యగారే అనుకోండి!)

బ్రౌన్ లేకపోతే చాలా పద్యాలు చెదలపాలయ్యేవి. కటారుపల్లె లేకపోతే? పద్యాలుండేవి, ఆయన్ను వెతుక్కుంటూ వెళ్లడానికి ఊరుండేది కాదు.

కదిరి నరసింహస్వామి దర్శనానికి ఎటూ వెళ్తుంటారు కదా, ఈసారి పిల్లలతో కటారుపల్లె దాకా పోయిరండి. కొబ్బరికాయ కొట్టడం, కొట్టకపోవడం మీ ఇష్టం. సమాధి దగ్గర కాసేపు కూర్చుని ఎవరికి వచ్చిన పద్యం వాళ్లు చెప్పండి. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పకూడదు. ముందుగా ఎవరి దగ్గర అయిపోతాయో చూడండి. మా ఇంట్లో అయితే అమ్మమ్మను ఓడించినవాళ్లు ఇంతవరకు లేరు.