కొన్న ఆట ఎవరిది?

పాతికేళ్ల కిందట టీవీకి తగిలించి ఆడే వీడియోగేములు గుర్తున్నాయా? క్యాసెట్ పెట్టాలి, బొమ్మ రాకపోతే తీసి ఉఫ్ఫున ఊది మళ్లీ పెట్టాలి. ఆ క్యాసెట్ ఇప్పటికీ అటక మీద ఉంటే దించి చూడండి. మెషీను పనిచేస్తే ఆటా నడుస్తుంది. తయారుచేసిన కంపెనీ ఉందా, మూతపడిందా అన్నది దానికి అనవసరం.

ఇప్పటి ఆటలు అలా కావు. మీ అబ్బాయి ఫోన్లోనో, కంప్యూటర్లోనో ఆడే ఆటలో సగం మన ఇంట్లో ఉంటే మిగతా సగం ఎక్కడో కంపెనీ వాళ్ల సర్వర్లో ఉంటుంది. ఆట తెరిచిన ప్రతిసారీ ఇది వెళ్లి దాన్ని పలకరించాలి. అటు నుంచి జవాబు వస్తేనే ఆట. ఒకరోజు కంపెనీ ఆ సర్వర్‌ను ఆపేసిందనుకోండి. మీరు పెట్టిన డబ్బు, పిల్లాడు పడ్డ కష్టం, సంపాదించిన కార్లూ తుపాకులూ డ్రెస్సులూ అన్నీ హుష్‌కాకి!

ఊహించి చెబుతున్న మాట కాదిది. ఫ్రాన్స్‌కు చెందిన యూబీసాఫ్ట్ 2014 డిసెంబరులో ‘ది క్రూ’ అనే కార్ల ఆటను విడుదల చేసింది. అమెరికా దేశాన్నంతా చిన్నగా కుదించి, ఆ రోడ్ల మీద కారులో తిరగనిచ్చే ఆట. ఒక్కరే కూర్చుని ఆడుకున్నా సరే, ఇంటర్నెట్ లేకపోతే మాత్రం నడవదు. 2023 డిసెంబరులో దాని అమ్మకాలు ఆపేశారు. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. దుకాణంలో డిస్క్ కొన్నవాళ్ల చేతిలో మిగిలింది ఓ ప్లాస్టిక్ బిళ్ల! ఆ తర్వాత కొందరి ఖాతాల్లోంచి ఆట లైసెన్సునే తీసేశారు. ఈ మధ్యే కొన్నవాళ్లకు డబ్బు వాపసు ఇస్తామన్నారు. ఏళ్ల కిందట కొన్నవాళ్లకు ఆ భాగ్యమూ లేదు.

2024 నవంబరులో కాలిఫోర్నియాలో ఇద్దరు ఆటగాళ్లు కోర్టుకెళ్లారు. కొన్న యంత్రంలోంచి కొన్నేళ్లయ్యాక దుకాణందారు వచ్చి ముఖ్యమైన భాగాలు విప్పుకుపోతే ఊరుకుంటామా అన్నది వాళ్ల వాదన. కంపెనీ జవాబు ఒక్కటే. మేం ఆటను అమ్మలేదు, ఆడుకునేందుకు పరిమితమైన అనుమతి ఇచ్చామంతే!

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. తెర మీద ‘బై’ అని పెద్దక్షరాలతో బటన్ ఉంటుంది. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఇది లైసెన్సు మాత్రమే, ఎప్పుడైనా రద్దు చేయొచ్చు’ అని ఉంటుంది. సొంతిల్లని చెప్పి డబ్బు తీసుకుని, చేతిలో అద్దె ఒప్పందం పెట్టినట్టు. అద్దె ఇల్లయినా నయం, ఎన్ని నెలలకో రాసి ఉంటుంది. ఇక్కడ అదీ లేదు. ఈ మాయకు కాలిఫోర్నియా కొంత విరుగుడు కనిపెట్టింది. 2024లో చట్టం చేసి 2025 జనవరి 1 నుంచి అమలులో పెట్టింది. దాని ప్రకారం, ఇచ్చేది లైసెన్సేనని ముందుగా స్పష్టంగా చెప్పకుండా ‘బై’ అన్న మాట వాడకూడదు. ఆట మూతపడకుండా అది ఆపలేదు. కనీసం అబద్ధాన్ని ఆపుతుంది.

యూరప్‌లో గొడవ ఇంకా పెద్దది. యూట్యూబ్‌లో వీడియోలు చేసే రాస్ స్కాట్ 2024 ఏప్రిల్‌లో ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ పేరుతో ఉద్యమం మొదలుపెట్టాడు. యూరోపియన్ యూనియన్‌కు పౌరుల విన్నపంగా పంపాలంటే ఏడాదిలో పది లక్షల సంతకాలు కావాలి. 2025 జులై నాటికి ఆ సంఖ్య దాటేసింది. బ్రిటన్‌లో పెట్టిన విన్నపానికీ లక్షకు పైగా సంతకాలొచ్చాయి. 2025 నవంబరులో ఎంపీలు చర్చించారు కూడా. చట్టం మార్చే ఆలోచన లేదని ప్రభుత్వం చెప్పింది, అది వేరే సంగతి.

వాళ్లు అడుగుతున్నది సర్వర్లు కలకాలం నడపమని కాదు. ‘మీరు వెళ్లిపోండి, వెళ్లేముందు ఆటను మాకు ఆడుకునే స్థితిలో వదిలి వెళ్లండి’ అని. కంపెనీలు చెప్పే ఇబ్బందుల్లో కొంత నిజముంది. సర్వర్లకు ఖర్చవుతుంది, ఆటలో వాడిన కార్ల బ్రాండ్లకూ పాటలకూ తీసుకున్న అనుమతుల గడువు తీరిపోతుంది. ఎవరికి వారు నడుపుకునే సర్వర్లలో పిల్లల భద్రత ఎవరు చూస్తారన్న ప్రశ్న కూడా కొట్టిపారేయలేం. అయితే, చేయలేమన్న మాట మాత్రం చెల్లదు. ‘నాకౌట్ సిటీ’ అనే ఆట 2023 జూన్‌లో మూతపడుతూ, ఆటగాళ్లే సొంతంగా నడుపుకునే వెర్షన్‌ను ఉచితంగా ఇచ్చి వెళ్లింది. ఇంత రభస అయ్యాక యూబీసాఫ్ట్ కూడా ‘ది క్రూ 2’కు ఇంటర్నెట్ లేకుండా ఆడే వీలు కల్పిస్తానని 2024లో ప్రకటించి, 2025లో ఇచ్చింది. ముందే చేసుంటే ఏం పోయేది?

డబ్బు తిరిగిచ్చిన పెద్దమనుషులూ ఉన్నారు. సోనీ 2024 ఆగస్టు 23న విడుదల చేసిన ‘కాంకార్డ్’ను ఎవరూ ఆడకపోవడంతో రెండు వారాలకే మూసేసి, కొన్న అందరికీ పూర్తి సొమ్ము వెనక్కిచ్చింది. గూగుల్ ‘స్టేడియా’ 2023 జనవరిలో ఆగినప్పుడూ అంతే.

మరి మన దగ్గర? మనవాళ్లకు ఆట ఆగిపోవడమంటే గుర్తొచ్చేది 2020 సెప్టెంబరులో పబ్‌జీ నిషేధం. అది కంపెనీ మూసింది కాదు, ప్రభుత్వం ఆపింది. ఆ లెక్క వేరు. కంపెనీ తనంతట తాను మూసేస్తే ఏమిటన్నది మన చట్టంలో విడిగా రాసి లేదు. కానీ 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో పనికొచ్చే సరుకుంది. ఇంటర్నెట్‌లో అమ్మే డిజిటల్ ఉత్పత్తులూ దాని కిందికే వస్తాయి. సరైన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని రద్దు చేసుకునేలా షరతు రాస్తే, దాన్ని అన్యాయమైన ఒప్పందంగా వాదించొచ్చు. ‘ఐ అగ్రీ’ నొక్కేశాం కదా, ఇంకేం చేస్తాం అనుకోనక్కర్లేదు. నష్టంలో నడుస్తున్న ఆటను మూయడం సరైన కారణమేనని కంపెనీ అంటుంది, సందేహం లేదు. అయినా నిన్నటిదాకా డైమండ్లు అమ్మి ఇవాళ మూసేస్తే, సేవాలోపమని అడగడానికి మనకూ దారి ఉంటుంది.

కాబట్టి ఆటలో ఏది కొన్నా డబ్బు చెల్లించినట్టు వచ్చే మెయిల్ దాచుకోండి. మూసేస్తున్నామన్న ప్రకటన కనపడగానే స్క్రీన్‌షాట్ తీయండి, తర్వాత అది ఉండకపోవచ్చు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా అడగండి. పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే మీరు ఉంటున్న జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. కంపెనీ ఆఫీసు ఏ దేశంలో ఉందో వెతుక్కుంటూ వెళ్లక్కర్లేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. ‘ఇ-జాగృతి’ పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. ఒప్పందమే అన్యాయమని వాదించాలంటే మాత్రం రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. ఏదైనా సరే, సమస్య మొదలైన రెండేళ్లలోపు.