కొండపల్లెల బడులు – మన కర్తవ్యము

వేసవి సెలవులు సమీపించినప్పుడెల్ల మన పై తరగతుల విద్యార్థులలో కొందరు మాయొద్దకు వచ్చి, కొండపల్లెలకు పోయి అచ్చటి పిల్లలకు చదువు చెప్పెదమని ఉత్సాహముతో పలుకుచుందురు. ఈ కోరిక మిక్కిలి కొనియాడదగినది. అయినను, ఆ పిల్లల భాషను ఏమాత్రము ఎరుగక చేయు బోధనము చాలవరకు వ్యర్థమగునని మా అభిప్రాయము.

మన సికిందరాబాదు పిల్లలు ఇంట తెలుగో తమిళమో, వీధిలో ఉర్దూ, పాఠశాలలో ఇంగ్లీషు వినుచు పెరుగుదురు. ఆదిలాబాదు కొండలలోని గోండు బాలుని స్థితి అట్టిది కాదు. తల్లి అతనితో మాటలాడునది గోండి. అది ద్రావిడ భాషయే గాని తెలుగు కాదు. బడికి పోగానే ఉపాధ్యాయుడు వేరొక భాషలో పలుకును. పుస్తకమును ఆ భాషలోనే యుండును. అక్షరమును, మాటను ఒక్కసారిగా నేర్వలేక బాలుడు మౌనము వహించును. ఆ మౌనమును చూచి మనము వానిని మందబుద్ధి యందుము. ఇది న్యాయమా?

ఈ లోపమును గుర్తించి పాటుపడిన మహనీయులు మనకు లేకపోలేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు సవరల భాషను శ్రమపడి నేర్చి, వారి పిల్లలకు వారి భాషలోనే పుస్తకములు వ్రాసి, బడులు పెట్టించిరి. వారు రచించిన సవర – ఇంగ్లీషు నిఘంటువు 1938లో ప్రకటింపబడెను. వారును మన గురువులవలె బడిపంతులే యని మరువరాదు.

1940లో గోండు నాయకుడు కుమ్రం భీము జోడేఘాట్‌లో ప్రాణములు కోల్పోయిన పిమ్మట, నిజాము ప్రభుత్వము ఆ ప్రజల స్థితిగతులను విచారించుటకు హైమన్‌డార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుని నియోగించెను. ఆయన సతీమణి ఎలిజబెత్తుతో కూడ మార్లవాయి గ్రామమున నివసించెను. 1943లో అచ్చట గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తీర్చు శిక్షణ కేంద్రము నెలకొల్పబడెను. దేవనాగరి లిపిలో గోండి వాచకములు సిద్ధమయ్యెను. 1987లో ఆమె పరమపదించినప్పుడు ఆమె సమాధియు మార్లవాయిలోనే వెలసెను. సేవ యనగా అట్టిది.

గోండి, సవర నేర్చిన అన్నము దొరకునా యని కొందరు ప్రశ్నింతురు. తెలుగును ఇంగ్లీషును వారికి అవశ్యములే, మేము కాదనము. కాని మేడ యెక్కువానికి మొదటి మెట్టు వాని యింటి ముంగిటనే యుండవలెను గదా! తల్లిభాషలో చదువు రుచి తెలిసినవాడు పరభాషను సులభముగా పట్టుకొనును. 2004లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము గోండి, కోలామి, కోయ, సవర మున్నగు ఎనిమిది భాషలలో చిన్న తరగతుల బోధనము ఆరంభించుటకు ఇదియే కారణము.

కావున విద్యార్థులారా, పలకలు పంచి ఛాయాచిత్రములు దిగి మరలివచ్చుట సేవ యని భ్రమపడకుడు. బయలుదేరుటకు ముందే ఆ భాషలో నూరు మాటలైనను నేర్చుకొనుడు. పల్లెలోని ఉపాధ్యాయుని త్రోసివేయక, ఆయనకు చేదోడుగా నుండుడు. అవ్వలు తాతలు చెప్పు కథలను వారి అనుమతితో వ్రాసి, ఆ బడికే చిన్న పుస్తకములుగా కుట్టి యిండు. అన్నిటికంటె ముఖ్యముగా, ఒకసారి పోయిన పల్లెకు మరుసటి యేడును పోవుడు. పది పల్లెలను చూచి వచ్చుటకంటె ఒక్క పల్లెను విడువకుండుట మేలు.

తలిదండ్రులు సెలవులలో బిడ్డలను ఈ కార్యమునకు పంప వెనుదీయకుందురు గాక. గురువులు వారికి తోడుగా నడతురు గాక. బోధింపబోవు మనము మొదట శిష్యులమై ఆ కొండబిడ్డల ఎదుట కూర్చుండుటయే నిజమైన పరిచర్య యని మా దృఢవిశ్వాసము.