ఆవకాయకు ఏ గుణం?

ఉల్లి, వెల్లుల్లి తింటే తామసం, మాంసం తింటే క్రూరత్వం, పప్పూ నెయ్యీ తింటే సాత్వికం అని తీర్పు చెప్పేవాళ్లు సాక్ష్యానికి భగవద్గీతను పిలుస్తారు. పదిహేడో అధ్యాయంలో 7 నుంచి 10 దాకా శ్లోకాలు తీసి చూడండి. ఉల్లి పేరు లేదు, వెల్లుల్లి పేరు లేదు, మాంసమన్న మాటే లేదు. రసం, జిడ్డు ఉండి మనసుకు హితవైనది సాత్వికులకు ఇష్టమట. చేదు, పులుపు, ఉప్పు, మితిమీరిన వేడి, కారం రాజసులకు. సారం పోయినది, రాత్రి మిగిలినది, ఎంగిలి తామసులకు. ఈ లెక్కన మన ఆవకాయ అచ్చమైన రాజసం, పొద్దున్నే పొలానికెళ్లే రైతు తినే చద్దన్నం తామసం! (ఆ చద్ది తిని నాగలి పట్టినవాణ్ని బద్ధకస్తుడనే ధైర్యం ఎవరికుంది?) పైగా అక్కడ గీత ప్రధానంగా చెప్పింది ఏ స్వభావానికి ఏది రుచిస్తుందో. ఏది తింటే ఎవరు ఏమవుతారో కాదు. అన్నంలోని సూక్ష్మభాగం మనసవుతుందని ఛాందోగ్యోపనిషత్తు అన్న మాట నిజమే. కానీ అందులో ఉద్దాలకుడు దాన్ని కొడుకు శ్వేతకేతువును పదిహేను రోజులు పస్తుంచి నిరూపించాడు. ఆకలికి చదివిన వేదం గుర్తు రాలేదు, తిన్నాక వచ్చింది. నిషిద్ధ వంటకాల జాబితా ఏదీ ఇవ్వలేదు. ఆయుర్వేదమైతే మాంసరసాన్నీ వెల్లుల్లినీ మందుగానే వాడింది. సాధకుడు తనకు తాను పెట్టుకునే నియమాన్ని గౌరవిద్దాం. అద్దెకు ఇల్లడిగినవాడి కంచంలోకి తొంగిచూసి గుణం తేల్చేవాళ్లు మాత్రం గీతను అడ్డం పెట్టుకోవడం మానాలి.