చేపలు చెప్పిన వయసు

డైనోసార్ అనగానే మనవాళ్ళకి హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలోని కోటసారస్ గుర్తొస్తుంది. యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలు, 1988లో యాదగిరి పెట్టిన పేరు. దాని మీద తెలుగులో నేను చదివినవన్నీ "కోట్ల ఏళ్ళ క్రితం" అంటూ మొదలవుతాయి. ఆ కోట్లు ఎవరు లెక్కపెట్టారు? ఒక్కరూ చెప్పరు. కోడ్ రివ్యూలో ఇలా ఊరూపేరూ లేని అంకె రాస్తే నన్ను ఊరుకోరు.

చెప్పింది చేపలు. అవే రాతిపొరల్లో, ప్రాణహిత పక్కన కోట దగ్గర, ఒకప్పటి మంచినీటి సరస్సు అడుగున, పింగాణీలా మెరిసే గట్టి పొలుసుల చేపలు దొరికాయి. ఒకదానికి 1851లో ఎగర్టన్ లెపిడోటస్ దక్కనెన్సిస్ అని పేరు పెట్టాడు. ఐరోపాలో తొలి జురాసిక్ రాళ్ళలో దొరికే చేపల పోలికే కనక ఈ రాళ్ళదీ ఆ కాలమే అన్నారు. అందరూ ఒప్పుకోలేదు. ఇంకా తర్వాతి కాలానికి జరిపినవాళ్ళూ ఉన్నారు. అసలు కథంతా ఆ తగాదాలోనే ఉంది కదా! అది వదిలేసి అంకె ఒక్కటీ రాస్తే సైన్సు కాదు, జాతకం. (పిల్లలు నమ్మేస్తారు, అదొకటి.)

ఈసారి రాసేవాళ్ళు తొడ ఎముక పొడవు తర్వాత చెప్పండి. ముందు ఆ పొలుసు చూపించండి.