మస్తానమ్మ చేతి వంట

తెనాలి దగ్గరి గుడివాడకు చెందిన మస్తానమ్మ గారు 2018 డిసెంబరులో కన్నుమూశారు. వయసు 107 అనేవారు. 22 ఏళ్లకే భర్త పోతే, కూలి చేసి సంసారం ఈదుకొచ్చిన మనిషి. 2016లో మునిమనవడు ఆమె వంటను యూట్యూబులో పెట్టాక లక్షలమందికి అమ్మమ్మ అయిపోయారు. నేల మీద కూర్చొని, అల్లం తొక్క గోటితోనే గీకేసేవారు. పుచ్చకాయ డొల్లలో కోడికూర వండారు. నాకు మాత్రం ఆ వింతకన్నా, నలుగురికీ వడ్డించేటప్పుడు ఆవిడ మొహంలో కనిపించే సంబరమే ఎక్కువ ఇష్టం. అది కెమెరా కోసం వచ్చింది కాదు, ఇల్లు నడిపిన చేతులకు అలవాటైనది.

ఈ సంచిక ఇంటి పెద్దల వంటల మీద. మీ ఇంట్లోనూ అలాంటి పెద్దావిడ ఉంటే పక్కన కూర్చొని ఆమె వంట, ఆమె కథ అడిగి రాసుకోండి. మాకూ పంపండి.